చుక్కలు వెతుక్కుంటూ నానక్‌రామ్‌గూడకు

హైదరాబాదు వెళ్ళొచ్చానని చెప్పగానే మా స్టాఫ్‌రూమ్‌లో బిర్యానీ గురించి అడిగారు, ముత్యాల గురించి అడిగారు, ట్రాఫిక్ గురించి అడిగారు. ఎందుకు వెళ్ళావని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా ఒక్క ముక్కలో చెప్పే సంగతి కాదు కనుక తీరిగ్గా రాస్తున్నాను.

నేను అమలాపురంలో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. పదిహేనేళ్ళ క్రితం పీహెచ్‌డీ కోసం ఒక పని చేశాను. సిలికాన్ పలక మీద అయాన్లని, అంటే విద్యుదావేశం ఉన్న అణువులని, వానలా కురిపిస్తే దాని పైపొర అరుగుతుంది. గరుకుగా, అడ్డదిడ్డంగా అరుగుతుందని మనం అనుకుంటాం. కానీ ఒక్కోసారి ఎవరో ముగ్గు పెట్టినట్టు వరుసగా చుక్కలు వస్తాయి. ఒక్కో చుక్క వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండదు. అవి ఎందుకు వస్తాయో, ఎంతెంత ఎడంలో వస్తాయో కంప్యూటర్‌లో లెక్కగట్టి చెప్పే నమూనా ఒకటి తయారుచేశాను. గుంటలో పడ్డ దెబ్బ మిట్ట మీద పడ్డదానికన్నా ఎక్కువ అరగదీస్తుంది, గుంట ఇంకా లోతవుతుంది, ఈలోగా పక్కనున్న అణువులు జారి దాన్ని పూడుస్తుంటాయి, ఈ రెండిటి పోట్లాటలోంచి చుక్కలు పుడతాయి. నా సిద్ధాంతం ఇంతే. దాన్ని చదివినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళలో ఇద్దరు పరీక్షకులు, ఒకరు అచ్చుతప్పులు చూసిన మా ఆయన.

అందుకే హైదరాబాదు నుంచి ఒక కంపెనీవాళ్ళు మెయిల్ పంపితే, చివర్లో ఓటీపీ అడుగుతారేమోనని రెండుసార్లు చదివాను. కంపెనీ పేరు చెప్పను. ఆ పేరులో నానో ఉంది, వర్స్ ఉంది, మధ్యలో అక్కర్లేని ఎక్స్ ఒకటుంది. దాని యజమాని వినీత్ ఫోన్ కూడా చేశాడు.

"మ్యామ్, మా ప్లాట్‌ఫామ్ మొత్తం మీ మోడల్ మీదే నిలబడి ఉంది."

పదిహేనేళ్ళుగా నా మోడల్ మీద దుమ్ము తప్ప ఏదీ నిలబడలేదు. కాబట్టి పొంగిపోయాను. ఇలాంటి చుక్కల పలకలు తయారుచేసి అమ్మడం వాళ్ళ వ్యాపారమట, వాళ్ళ యంత్రంలో నేను లెక్కగట్టినట్టే చుక్కలు వచ్చాయట. పెట్టుబడి పెట్టేవాళ్ళ ముందు సభ జరుగుతుందట. నేను వేదికెక్కి ఐదు నిమిషాలు "ఇది నిజమే" అని చెబితే చాలు, నాకు సలహాదారు హోదా, మా కాలేజీ ల్యాబుకి ఒక మంచి కంప్యూటర్. మా ల్యాబులో ఇప్పుడున్నది వీపు మీద చరిస్తే గాని లేవదు.

కూకట్‌పల్లి

మా మేనమామ కూతురు సుజాత వదిన కేపీహెచ్‌బీలో ఉంటుంది, ప్రభుత్వోద్యోగం. స్టేషన్ నుంచి ఇంటికి వెళ్ళేలోపు వీధిలో విన్న గోదావరి యాస అమలాపురం బజారులో కూడా వినలేదు. అక్కడ మా పిల్లలు ఇంగ్లీషు ప్రాక్టీసు చేస్తుంటారు మరి.

ఉదయం వదిన టిఫిన్‌కి తీసుకెళ్ళింది. బోర్డు మీద "అచ్చమైన గోదావరి రుచులు" అని ఉంది. పెసరట్టు తొంభై రూపాయలు, మా ఊళ్ళో నలభై ఐదు. పెనం దగ్గరున్నాయన ఒడిశా మనిషి. అల్లం పచ్చడిలో బెల్లం కాస్త ఎక్కువైందండీ అన్నాను. ఆయన ఆప్యాయంగా నవ్వి ఇంకో గరిటె వేశాడు.

"ఇక్కడ అందరూ మనవాళ్ళేనే," అంది వదిన చెయ్యి కడుక్కుంటూ. "అందుకే ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు."

నానక్‌రామ్‌గూడ

మెట్రో దిగాక షేర్ ఆటో ఎక్కాను. అప్పటికే ఆరుగురు ఉన్నారు, అందరి మెడల్లో కార్డులు వేలాడుతున్నాయి. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. ఆటోవాలా వెనక్కి తిరిగి, "జర జరుగుండ్రి మేడమ్, ఇంకొకలు పడతరు," అన్నాడు.

"ఎక్కడ పడతారండీ?"

"గా సారు బ్యాగు ఒళ్ళె పెట్టుకుంటడు. గంతే."

ఆ సారు బ్యాగు ఒళ్ళో పెట్టుకున్నాడు. అద్దాల మేడల మధ్యకి వచ్చాక ఆటోవాలా ఒకదాన్ని చూపించాడు. "మా మామకు గీడ జొన్న చేను ఉండె. ఇప్పుడు గా బిల్డింగుల్నే సెక్యూరిటీ. నౌకరికి దూరం పోవుడు లేదు, మంచిగయింది." అతను వెక్కిరిస్తున్నాడో నిజంగానే సంతోషిస్తున్నాడో దిగేదాకా తేల్చుకోలేకపోయాను.

కంపెనీ ఉన్న మేడకి ఒక గేటుంది. అది మొహం చూసి తలుపు తీస్తుంది. తెర మీద "నవ్వండి" అని వచ్చింది. నవ్వాను. తెరుచుకోలేదు. ఇంకాస్త నవ్వాను. పక్కనే నిలబడ్డ సెక్యూరిటీ అమ్మాయికి జాలేసింది.

"నవ్వకుండ్రి మేడమ్. అది నవ్వమనే అంటది గని, నవ్వితే గుర్తు పట్టది."

మూతి ముడుచుకుని నిలబడితే తెరుచుకుంది. నా మెడలో వేసిన కార్డు మీద "సామాన్ల సరఫరాదారు" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఉంది. అతిథి కార్డులు అయిపోయాయట.

లోపల మీటింగ్ గదులన్నిటికీ నదుల పేర్లు. "సారీ మ్యామ్, గోదావరి మూడింటిదాకా ఖాళీ లేదు," అన్నాడు వినీత్. గోదావరి ఒడ్డున పుట్టిన నాకు ఆ మాట ఎవరైనా చెప్పాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. చివరికి మూసీలో కూర్చున్నాం. గది చిన్నదే గాని శుభ్రంగా ఉంది. పేరుకీ దానికీ సంబంధం లేదు.

వినీత్‌కి ముప్పై దాటి ఉండవు. మర్యాదస్తుడు, నిద్రలేని కళ్ళు. "బేసిక్‌గా మనం అణువుల్ని డెమోక్రటైజ్ చేస్తున్నాం మ్యామ్," అన్నాడు. అణువులకి ఇంతకాలం ఓటు హక్కు లేదన్న సంగతి నాకు తెలియదు. తెర మీద రెండు బొమ్మలు పెట్టాడు. ఎడమవైపు నా మోడల్ చెప్పిన చుక్కలు, కుడివైపు వాళ్ళ యంత్రంలో వచ్చినవి. అదే పరిమాణం, అదే ఎడం. కింద పెద్ద అక్షరాలతో "నిరూపితం" అని ఉంది. దాని పక్కనే నా ఫోటో. కాలేజీ గ్రూప్ ఫోటోలోంచి కత్తిరించారు కాబట్టి నా భుజం మీద మా ప్రిన్సిపాల్ చెయ్యి మాత్రం మిగిలింది.

ఇవన్నీ నవ్వుకుంటూ చెబుతున్నాను గాని, ఆ రెండు బొమ్మల్నీ పక్కపక్కన చూసినప్పుడు నాకు నవ్వు రాలేదు. కాగితం మీద రాసుకున్నది ఎక్కడో ఒక లోహపు డబ్బాలో నిజంగా జరిగిందంటే, అది ఎలా ఉంటుందో నాకు మాటలు చాలవు. వినీత్ తెప్పించిన రెండువందల నలభై రూపాయల కాఫీ చల్లారిపోయింది కూడా గమనించలేదు.

"యంత్రం చూడొచ్చాండీ?" అని అడిగాను.

వినీత్ తెల్లబోయాడు. ఇంతవరకు ఎవరూ అడగలేదట. "ఎందుకు మ్యామ్? ఈ తెర మీద డాష్‌బోర్డ్‌లో అన్నీ కనిపిస్తాయి కదా."

తెల్లాపూర్ దాటాక

రెండోరోజు కారులో పంపించారు. తెల్లాపూర్ దారి పొడుగునా గేటెడ్ కమ్యూనిటీలే. వాటి పేర్లు చదువుతుంటే ఇటలీలో పోతున్నట్టుంటుంది. బాల్కనీలో చీరలు ఆరేస్తే జరిమానా వేస్తారని డ్రైవర్ చెప్పాడు. మా ఊళ్ళో చీర ఆరేసిన ఇల్లంటే మనుషులున్న ఇల్లని గుర్తు.

అవి దాటాక రేకుల షెడ్డు ఒకటి. లోపల స్టీలు పీపా లాంటి యంత్రం, మందపాటి అద్దం కిటికీ, పంపుల రొద. డాష్‌బోర్డు తయారుచేసేవాళ్ళు మేడలో నలభై మంది ఉన్నారు గాని, యంత్రం నడిపేది ఒక్కడే. పేరు యాదగిరి, సిద్దిపేట వైపు మనిషి, నలభై ఏళ్ళుంటాయి. ఐటీఐ చదివి పంపుల కంపెనీలో పనిచేసి వచ్చాడు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, సిలికాన్ ముక్కని పళ్ళెంలో పెట్టడం దగ్గర్నుంచి అన్నీ ఓపిగ్గా చూపించాడు. పళ్ళానికి నాలుగు మూలలా చిన్న చిన్న స్టీలు క్లిప్పులు. వాటితో ముక్కని కదలకుండా పట్టి ఉంచుతారు. పైనుంచి అయాన్లు తిన్నగా దాని మీద పడతాయి.

గంటసేపయ్యాక అడిగాడు. "మేడమ్, మీరు గా లెక్క రాసిన మేడమేనా?"

"అవునండి."

"ఒక మాట చెప్పాల్నా వద్దా అని చూస్తున్న. కోపానికి రావద్దు."

"చెప్పండి యాదగిరి గారూ."

"గీ చుక్కలు క్లిప్పులుంటెనే వస్తయి."

నాకు వెంటనే అర్థం కాలేదు. అతను లేచి, మూలనున్న అట్టపెట్టె తెచ్చాడు. దాని మీద ఇంగ్లీషులో ఫెయిల్ అని రాసి ఉంది. "పోయిన ఎండకాలం క్లిప్పు స్ప్రింగు విరిగింది. కొత్తది వచ్చెదాంక పని ఆపొద్దన్నరు. ముక్క కింద నల్ల టేపు పెట్టి అతికిచ్చి నడిపిన. చుక్కలు రాలె. అద్దం లెక్క సాఫ్‌గ వచ్చింది. ఆరుసార్లు చేసిన, ఆరుసార్లూ గట్లనే. సార్లకు చెప్పిన. ఫెయిల్ అయినయి, పక్కకు పెట్టుమన్నరు. క్లిప్పు వచ్చింది, చుక్కలు వచ్చినయి, అందరు ఖుషీ."

అయాన్లు సిలికాన్‌ని కొట్టినట్టే క్లిప్పునీ కొడతాయన్న సంగతి అప్పుడు తట్టింది. స్టీలులోని ఇనుము అణువులు ఎగిరి పక్కనున్న సిలికాన్ మీద పడతాయి. ఇనుము పోగైన చోట అరగటం తగ్గుతుంది, అదే చుక్కవుతుంది. నా మోడల్‌లో ఇనుము లేదు. క్లిప్పు లేదు. అందులో ఉన్నవి సిలికాన్, అయాన్లు, నా తెలివితేటలు.

"ఇప్పుడు చేసి చూడొచ్చా? ఒకటి క్లిప్పుతో, ఒకటి టేపుతో."

"ఎందుకు చూడొద్దు," అన్నాడు.

యంత్రంలో గాలి తీసేదాకా గంటలు పడుతుంది. ఈలోగా అతను డబ్బా విప్పి నాకూ పెట్టాడు. జొన్నరొట్టె, వంకాయ కూర, పచ్చిపులుసు. పులుసంటే పొయ్యి మీద మరగాలని మా నమ్మకం. మరగకుండానే ఇంత రుచి ఉంటుందని తెలియక నలభై ఆరేళ్ళు గడిపేశాను.

తింటున్నానే గాని మనసు మనసులో లేదు. ఒక సంగతి ఒప్పుకోవాలి. మలినం వల్లే ఇలా చుక్కలు రావచ్చని, తిన్నగా పడే దెబ్బలు పైపొరని నిజానికి చదును చేస్తాయని వేరే దేశాల పరిశోధకులు రాయగా నేనెప్పుడో చదివాను. వాళ్ళ యంత్రాల్లో ఏదో లోపం ఉండి ఉంటుంది పాపం, అనుకున్నాను. అంతేకాదు. నా పీహెచ్‌డీ కోసం వేరే ఊరి ల్యాబులో చేయించిన ముక్కల్లో కూడా ఒకటి చదునుగా వచ్చింది. కవరు మీద "పాడైనది" అని నా చేత్తోనే రాసి పక్కన పడేశాను. యాదగిరి పెట్టె మీద ఫెయిల్ అని రాసినవాళ్ళని నేను ఏ మొహంతో వెక్కిరించను?

సాయంత్రం నాలుగింటికి రెండు ముక్కలూ బయటికి వచ్చాయి. సూది మొనతో తడిమి బొమ్మ గీసే సూక్ష్మదర్శిని కింద పెట్టాం. క్లిప్పు ముక్క మీద చుక్కలే చుక్కలు. టేపు ముక్క మీద ఏమీ లేదు. యాదగిరి తెర వైపు చూడలేదు, నా వైపే చూస్తున్నాడు.

"పరేషాన్ కాకుండ్రి మేడమ్," అన్నాడు చివరికి. "చాయ్ తెప్పిస్త."

మళ్ళీ కూకట్‌పల్లి

చీకటి పడకముందే ఇంటికి చేరాను. వదిన బెండకాయలు తరుగుతోంది. జరిగింది చెప్పి, ఏం చేయమంటావని అడిగాను. నలుగురు ఆఫీసర్ల కింద పనిచేసిన మనిషి కదా, తాపీగా విని, "రేపు నిజం చెబితే నీకేమిస్తారు?" అంది.

"ఏమీ ఇవ్వరు."

"చెప్పకపోతే?"

"కంప్యూటర్ ఇస్తారు."

"మరి నేను నీకేం చెప్పాలని అడుగుతున్నావే? తేలిక సంగతైతే అడక్కుండానే చేసేదానివి." అని బెండకాయల్లో పడిపోయింది.

వినీత్‌కి ఫోన్ చేశాను. క్లిప్పుల సంగతి చెప్పి, రేపు వేదిక మీద ఇదే చెబుతానన్నాను. "మ్యామ్, నిజం కరెక్టే. కానీ అది రేపే అవసరమా? నలభై మందికి వచ్చేనెల జీతాలివ్వాలి. సోమవారం మీ పేపర్ వెనక్కి తీసుకోండి, నేనేమీ అనను. రేపు ఒక్క ఐదు నిమిషాలు." ఆ గొంతులో ప్లాట్‌ఫామూ లేదు, డెమోక్రసీ లేదు. భయపడ్డ కుర్రాడి గొంతు అది. అతను మోసగాడయితే నాకు సులువుగా ఉండేది.

తర్వాత యాదగిరికి చేశాను. "రేపు మీ పేరు చెబితే మీకు ఇబ్బందవుతుందేమోనండి."

"నౌకరి పోతదంటరా? పోతే పంపుల కంపెనీల మళ్ళ దొరుకుతది. గీ మిషన్ నడిపెటోడు వాళ్ళకు దొరకడు. ఫికర్ చెయ్యకుండ్రి, చెప్పుండ్రి."

హైటెక్ సిటీ

సభ పెద్ద హోటల్లో. జ్యోతి ప్రజ్వలన రిమోట్‌తో చేశారు. మొదట బ్యాటరీలు పనిచేయక ముఖ్య అతిథి మూడుసార్లు నొక్కారు. గారెలు అర్ధరూపాయి బిళ్ళంత ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో ఆకు. నానో సభ కదా, పదార్థానికి తగ్గ పరిమాణం అనుకుని ఎనిమిది తిన్నాను.

నన్ను "నానో విజ్ఞాన దిగ్గజం" అని పిలిచారు. వేదిక మీదకి వెళ్ళేసరికి నా వెనక తెర మీద నా ఫోటో, మా ప్రిన్సిపాల్ చెయ్యి ప్రత్యక్షమయ్యాయి. రాసుకెళ్ళిన కాగితం పక్కన పెట్టేశాను.

"ఈ చుక్కలు నా లెక్క వల్ల రావట్లేదు," అన్నాను. "పలకని పట్టుకునే స్టీలు క్లిప్పుల్లోంచి ఎగిరిన ఇనుము వల్ల వస్తున్నాయి. క్లిప్పు తీసేస్తే రావు. నిన్న చూశాను. పదిహేనేళ్ళ క్రితం కూడా చూశాను గాని, పాడైన ముక్క అనుకున్నాను. నా మోడల్ ఇక్కడ తప్పు. ఇది కనిపెట్టింది ఈ కంపెనీలో యంత్రం నడిపే యాదగిరి గారు."

సభ నడిపించే అమ్మాయి మైకు అందుకుని, "ఇంత గొప్ప నిరూపణ ఇచ్చిన మ్యామ్‌కి చప్పట్లు!" అంది. చప్పట్లు మోగాయి. ఎవరూ వినలేదు. నిజం చెప్పడానికి కావలసిన ధైర్యం గురించి పుస్తకాల్లో చదివాను గాని, చెప్పినా ఎవరికీ పట్టకపోతే ఏం చేయాలో వాటిలో రాయలేదు.

రెండో వరుసలో ఒక పెద్దాయన మాత్రం చప్పట్లు కొట్టలేదు. చెయ్యెత్తాడు. "అమ్మా, అంటే ఆ క్లిప్పు మారిస్తే చుక్కలు కూడా మారతాయా?"

"నాకు తెలియదండి. తెలిసినాయన బయట ఉన్నారు."

యాదగిరి నమూనాలు పట్టుకుని వ్యానులో వచ్చాడు. సభకని అతనికిచ్చిన కార్డుకి హోటల్ వంటగది తలుపు మాత్రమే తెరుచుకుంటుంది. నేను వేదిక దిగి, గారెల పళ్ళేల మధ్య నుంచి వెళ్ళి, అతన్ని వెంటబెట్టుకుని వచ్చాను. చెప్పులు గుమ్మం దగ్గర విడవబోతే వద్దన్నాను. మైకు పట్టుకుని ఒక్క నిమిషం తడబడ్డాడు, తర్వాత షెడ్డులో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"క్లిప్పు పక్కపొంటి చుక్కలు దట్టంగ ఉంటయి సార్. దూరం పోంగ పోంగ పల్చగయితయి. క్లిప్పు వెడల్పుది పెడితే జర దూరం దాంక వస్తయి. ఇంకో లోహంది పెడితే ఏమైతదో చూద్దామన్న. పర్మిషన్ రాలె."

క్లిప్పు నుంచి దూరాన్ని బట్టి చుక్కలు పల్చబడతాయన్న సంగతి ఒక్కటి చాలు, కారణం ఇనుమని రుజువు కావడానికి. నేను ఎప్పుడూ పలక మధ్యలో మాత్రమే చూసి లెక్కలు కట్టాను. వేదిక మీదే తలకొట్టుకోబోయి ఆగాను.

పెద్దాయన వినీత్ వైపు తిరిగాడు. "మరి మీ నలభై మంది ఇంజనీర్లు ఏం చేస్తున్నారు?"

"దీన్ని స్కేల్ చేస్తున్నారు సార్," అన్నాడు వినీత్. అప్పటిదాకా ఏం స్కేల్ చేస్తున్నారో అతనికి ఆ క్షణంలోనే తెలిసినట్టుంది.

ఆరోజు ఎవరూ ఏ చెక్కూ ప్రకటించలేదు. బయటికొస్తుంటే వినీత్ గుమ్మం దాకా వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. "మ్యామ్, మీరు నన్ను ముంచారో తేల్చారో నాకింకా అర్థం కాలేదు," అన్నాడు. అబద్ధం లేని మాట. మూడు రోజుల్లో అతను చెప్పిన వాటిలో నాకు బాగా నచ్చింది అదే.

అమలాపురం

వచ్చి రెండు నెలలైంది. క్లిప్పు మార్చి చుక్కల్ని మార్చే పని మీద ఆ పెద్దాయన కొంత పెట్టుబడి పెట్టాడట. అడిగినంత కాదు గాని జీతాలకి సరిపోయిందని వినీత్ రాశాడు. యాదగిరికి ఇప్పుడు కంపెనీలో అన్ని తలుపులూ తెరిచే కార్డు ఇచ్చారు. రకరకాల లోహాలతో క్లిప్పులు చేయిస్తున్నాడు. సలహాదారు హోదా ఊసు మళ్ళీ రాలేదు. కంప్యూటరూ రాలేదు. ఉన్నదాన్నే చరుస్తున్నాం.

నా పాత వ్యాసం తప్పని ఒప్పుకుంటూ, అసలు కారణం చెబుతూ ఒక కొత్త వ్యాసం రాశాను. పంపేముందు యాదగిరికి ఫోన్ చేసి, కనిపెట్టింది మీరు కాబట్టి మీ పేరు ముందు, నా పేరు తర్వాత పెడుతున్నానని చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను.

"మొదలు ఏం రాసిండ్రు మేడమ్ అండ్ల?" అని అడిగాడు.

"పదిహేనేళ్ళ క్రితం చెప్పింది తప్పని రాశానండి."

"గా తప్పు ఎవరిది?"

"నాదే."

వెనక పంపుల రొద వినిపిస్తోంది.

"అట్లయితే మీ పేరే ముందు పెట్టుండ్రి మేడమ్," అన్నాడు. "మీ తప్పుకు నేనెందుకు ముందు నిలబడాలె?"

అలాగే పెట్టి పంపించాను.